మెట్ల మలుపులో

మా కొట్లో సరుకంతా పైన ఉంటుంది, కొనేవాళ్ళు కింద ఉంటారు. మధ్యలో మెట్లు. మా కుటుంబం ఇన్నేళ్ళూ ఆ మెట్ల మీదే బతికిందంటే అతిశయం కాదు.

తివాచీల వ్యాపారం మాది. వీధి వైపు గదిలో బేరాలు, పై అంతస్తులో గోడౌను. చెక్కమెట్లు ఇరుకు, సగం దూరంలో ఒక మలుపు. పొడవాటి తివాచీని చుట్టి పైకి చేర్చాలంటే ఇద్దరు కావాలి. ముందువాడికి వెనకవాడు కనపడడు. మలుపులో ముందువాడు తన కొసను తలకంటే పైకెత్తి చెక్క కమ్మీ దాటించాలి. అలా ఎత్తినప్పుడు బరువంతా జారి కింది మెట్టు మీదున్నవాడి భుజాన కూర్చుంటుంది.

ముందు నేను, వెనక అన్నయ్య. నేను లావు, అన్నయ్య సన్నం. వ్యాపారి లెక్కలో అది తలకిందుల ఏర్పాటే. "నువ్వు జారితే పట్టుకోవడానికి ఒకడుండాలి కదరా" అనేవాడు అన్నయ్య. నన్ను పట్టుకునేంత ఒళ్ళు తనకెక్కడిది? అయినా అన్నయ్య మాట కాబట్టి సాగింది.

మలుపు దగ్గరికి రాగానే అన్నయ్య చుట్ట మీద అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. ఆ తట్టు తివాచీ పొడవునా పాకి వచ్చి నా భుజానికి తెలిసేది. నేను ఎత్తేవాణ్ణి. ఆ పనిలో మా మధ్య మాట అనేదే అక్కర్లేకపోయింది.

చలికాలంలో అన్నయ్య పోయాడు. పేగుల జబ్బు. చివరి రోజుల్లో దుప్పటి కింద మనిషున్నాడా లేడా అని తడిమి చూసుకోవలసినంతగా చిక్కిపోయాడు. నేను పక్కన కూర్చుంటే నా పొట్ట మీద చెయ్యి వేసి, "ఇక్కడ స్టాకు దండిగా ఉంది. కాస్త ఇటు సర్దరా బొండాం" అనేవాడు. ఇద్దరం నవ్వేవాళ్ళం. మన దగ్గర లేనిది పక్క కొట్టు నుంచి తెచ్చి సర్దడం మాకు రోజూ ఉన్న పనే. అది ఒక్కటీ సర్దలేకపోయాను.

వానలు దిగే ముందు కొత్త సరుకు వచ్చింది. వెనక కొస పట్టుకోవడానికి గుండు వచ్చాడు. వీధిలో అందరి బరువులూ మోసే మనిషి. తల నున్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇద్దరం చుట్టను భుజానికెత్తుకుని మలుపు దాకా వచ్చాం. రెండు తట్లు. నేను ఎత్తాను.

వెనక కొస కదల్లేదు. మెట్టుకి తగులుకుని అక్కడే ఉండిపోయింది. నా కొస మాత్రం పైకి లేచి పక్కకి ఒరిగింది. దాన్ని కుడిచేత్తో ఆపబోయాను. గుడ్డ చిరిగే చప్పుడు నాకు బాగా తెలుసు. ఆ చప్పుడు నా భుజం లోపల వినపడింది.

గుండు పరిగెత్తుకుంటూ పైకి వచ్చాడు. "ఎందుకెత్తారయ్యా? నేనింకా కొస దించి తువ్వాలు సర్దుకుంటున్నా కదా."

"నువ్వు తట్టావు కదరా."

"నేనెందుకు తడతాను? నాకు నోరు లేదా?"

ఇంట్లో వాళ్ళకి కాలు జారిందని చెప్పాను. అదైతే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు.

*

ఆపరేషన్ చేసే డాక్టరు నాకంటే చాలా చిన్నవాడు. తెరమీద నా భుజం బొమ్మ చూపించాడు. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే పట్టీ ఒకటుంటుందట, అది తెగి వెనక్కి ముడుచుకుపోయింది.

"ఇది ఒక్కరోజులో తెగింది కాదండీ. ఏళ్ళ తరబడి పీచుపీచుగా పలచబడి ఉంది. ఆ రోజు మిగిలిన పోగులు తెగాయి. కుట్టేస్తాం. కానీ ఇంత పలచటి దాన్ని కుడితే కొందరికి మళ్ళీ విడిపోతుంది. అందుకని ఇంకొకటి ఆలోచించమంటున్నా. మీ పొట్ట నుంచి కొంచెం కొవ్వు తీసి, కడిగి, మెత్తగా చేసి, కుట్టిన చోట పెడతాం. పుండు మానడానికి సాయపడే కణాలు ఆ కొవ్వులో ఉంటాయి."

"పని చేస్తుందా?"

"కుట్టు పని చేస్తుంది. కొవ్వు దానికి తోడు. కొందరికి మేలు కనపడింది, కొందరికి తేడా తెలియలేదు. ఇంకా పరిశోధన జరుగుతోంది. మీ ఒంట్లోదే కాబట్టి ఒళ్ళు దాన్ని పరాయిదని తోసెయ్యదు. పొట్ట మీద కొన్నాళ్ళు నొప్పి, కమిలిన మచ్చలు ఉంటాయి. ఇంతకంటే ఎక్కువ చెప్తే అబద్ధమవుతుంది."

సరుకుని ఇంత తక్కువ పొగిడే మనిషి దగ్గర నేను కళ్ళు మూసుకుని కొంటాను. కానీ ఇక్కడ అమ్మేవాణ్ణీ నేనే, కొనేవాణ్ణీ నేనే. అలాంటి బేరం అంతకుముందు చెయ్యలేదు.

మా ఆవిడ అంది, "కొవ్వుకేం లోటు లేదు డాక్టరుగారూ. రెండు భుజాలకీ సరిపోగా ఇంకొకరికి పెట్టొచ్చు."

డాక్టరు నవ్వాడు. "ఇంకొకరికి పనికిరాదమ్మా. ఎవరిది వాళ్ళకే."

మా ఆవిడ కూడా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను. అద్దం మీద వాన మొదలైంది.

"మళ్ళీ తెగితే?" అని అడిగాను.

"మళ్ళీ కుట్టడానికి మిగలకపోవచ్చు. అప్పుడు ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. అందుకే ఆపరేషన్ కంటే తర్వాతి నెలన్నర ముఖ్యం. చెయ్యి వేలాడాలి అంతే. టీ కప్పు కూడా ఎత్తకూడదు."

వానాకాలంలో తివాచీలు ఎవరూ కొనరు. నెలన్నర పాటు చెయ్యి పోగొట్టుకోవడానికి ఇంతకంటే మంచి అదను లేదనుకుని సరేనన్నాను. తల దాకా లేవని చేత్తో ఆ మెట్ల మీద నేను చేసేదేం లేదు. గోడౌను ఖాళీ చెయ్యాలి, దాంతోపాటు కొట్టూ. చెయ్యి మిగిలితేనే కొట్టు. నా లెక్కలో ఉన్నది ఆ ఒక్క అంకే.

*

మెలకువ వచ్చాక భుజం మొద్దుబారి ఉంది, పొట్టే మండుతోంది. ఇంటికి వచ్చాక చూసుకుంటే బొడ్డు చుట్టూ వంకాయ రంగు మచ్చలు. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, "నాన్నా, ఎవరితో తన్నించుకున్నావ్?" అంది. నవ్వితే పొట్ట లాగింది.

చెయ్యి గుడ్డ సంచిలో, సంచికి కింద దిండు. పడుకుంటే భుజం పీకుతుంది కాబట్టి వాలుకుర్చీలోనే నా కాపురం. ముందుగదిలో నేను, ఎదురుగా వదిన గది తలుపు. అన్నయ్య పోయాక వదిన ఆ తలుపు దగ్గరగా వేసుకుని ఉండేది. వంటింట్లోకి వచ్చేది, పని చేసేది, వెళ్ళిపోయేది. మాటలు తగ్గిపోయాయి. ఎవరైనా పలకరిస్తే "ఊఁ" అనేది. కొట్టు వైపు పెళ్ళైనప్పటి నుంచీ ఒక్కసారి కూడా రాలేదు. అది మగవాళ్ళ చోటని ఎవరూ అనలేదు గానీ, రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తున్నాను. భుజంలో తట్టింది. ఒకసారి, వెంటనే ఇంకోసారి.

కళ్ళు తెరిచాను. గదిలో ఎవరూ లేరు. వదిన గది తలుపు వేసే ఉంది. సంచిలో ఉన్న నా వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

ఆ తర్వాత అది అలవాటైంది. రోజూ రాదు. వచ్చినప్పుడు మాత్రం రెండే, అదే ఎడంతో. ప్రతిసారీ చెయ్యి పైకి లేవబోయేది. ఎడమచేత్తో అదిమి పట్టుకునేవాణ్ణి. కుట్లు విప్పేటప్పుడు డాక్టర్ని అడిగాను, లోపల పెట్టినది కదులుతుందా అని.

"మానుతున్న కండరం అదురుతుందండీ. ఏమీ కాదు."

"లెక్కపెట్టి అదురుతుందా?"

అతను నా మొహంలోకి చూసి, నిద్ర సరిగా పడుతోందా అని అడిగాడు. పడుతోందన్నాను.

నాకు నేను వేసుకున్న లెక్క వేరే. అడిగినవాడికి సర్దకుండా నా దగ్గర పెట్టుకున్న సరుకు ఆ కొవ్వు. ఇప్పుడు దాన్ని తీసి నా భుజంలోనే పెట్టుకున్నాను. అవతలివాడు వచ్చి తలుపు తడితే తప్పేముంది? ఇలాంటి ఆలోచన నాలాంటి మనిషికి రావడమే వింత. తూకం వెయ్యలేని దేన్నీ నమ్మిన వాణ్ణి కాను. అయినా మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. మంచి మాటకారి. నా మోచేతి కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకి తెచ్చేది.

"చెయ్యి నాకిచ్చెయ్యండి అంకుల్. బరువు నాది. మీరు మొయ్యకండి."

"మొయ్యట్లేదమ్మా."

"మోస్తున్నారు. చూడండి." తన చేతిని జానెడు కిందికి దించింది. నా చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది. నేను చెప్పకుండానే, నాకు తెలియకుండానే. ఆ పిల్ల గబుక్కున మళ్ళీ కింద చెయ్యి పెట్టింది. నవ్వు మొహం మారిపోయింది.

"ఇలా అయితే కుట్టు తెంపుకుంటారు. మొయ్యడానికి ఇక్కడ ఏమీ లేదు అంకుల్, ఎవరికోసం మోస్తున్నారు?"

వదిన గది తలుపు కాస్త తెరిచి ఉంది. లోపల వదిన కదలడం ఆగినట్టనిపించింది.

*

వానలు ముదిరాక గోడౌను కప్పు కారింది. గుండు, మా ఆవిడ, మా అమ్మాయి కలిసి తడవబోయే సరుకుని కిందికి దించుతున్నారు. నన్ను కుర్చీలోంచి లేవొద్దన్నారు. తివాచీకి నీళ్ళు తగిలితే ముందు వాసన, తర్వాత బూజు. అది తెలిసినవాణ్ణి కుర్చీలో ఎంతసేపు కూర్చోబెడతారు? చినుకు తగ్గగానే గొడుగు పట్టుకుని నడుచుకుంటూ కొట్టుకి వెళ్ళాను.

కింద గదిలో ఎవరూ లేరు. గుండు కప్పు మీద పరిచే తాటిపత్రి కోసం పోయాడని తర్వాత తెలిసింది. ఆడవాళ్ళు పక్క కొట్టులో జాగా అడగడానికి వెళ్ళారు. మెట్ల మలుపులో పెద్ద చుట్ట ఒకటి వదిలేసి ఉంది. పై కొస కమ్మీ మీద ఆని ఉంది, కింది కొస మెట్టు మీద. పైనుంచి నీళ్ళు సన్నటి ధారగా మెట్ల మీదికి వస్తున్నాయి. ఇంకాసేపట్లో చుట్టను అందుకుంటాయి. దాన్ని కమ్మీ మీద నుంచి తప్పించి ఇవతలికి జరిపితే చాలు.

చుట్టకి, గోడకి మధ్య సందులోంచి పొట్ట బిగబట్టుకుని పైకి వెళ్ళాను. పై మెట్టు మీద నిలబడి ఎడమ భుజం ఆనించాను. ఎడమ భుజమే. బుద్ధి అంతవరకు పనిచేసింది. చుట్ట కదల్లేదు.

అప్పుడు తట్టింది. రెండుసార్లు. ఈసారి నా భుజం లోపల కాదు, తివాచీలోంచి, పొడవునా పాకి వచ్చింది. ఇన్నేళ్ళూ నాకు తెలిసిన తట్టే. సంచిలోంచి కుడిచెయ్యి ఎప్పుడు బయటికి వచ్చిందో నాకు తెలియదు. అరచెయ్యి చుట్ట కిందికి పోయింది.

"ఆగమని తడుతుంటే ఎత్తుతావేమయ్యా."

వదిన గొంతు. కింది మెట్టు మీద, ఒక చేతిలో నా మందుల సంచి, ఇంకో చెయ్యి చుట్ట మీద. చీర కుచ్చిళ్ళు తడిసిపోయి ఉన్నాయి. మందు వేసుకోకుండా వచ్చేశానని నా వెనకే వచ్చింది.

నేను చెయ్యి తీశాను.

"ఆగమనా?"

"మరి ఎత్తమనా? నువ్వు ఇలాగే చేస్తావని ఆయన చెప్తే నేను నమ్మలేదు."

"అన్నయ్య ఏం చెప్పాడు?"

వదిన మెట్ల మీది నీళ్ళని చూసి, పైట కొంగు పిండి, చుట్ట తడవకుండా కింద మెట్టు మీద పెద్ద అట్టముక్క వేసింది. ఆ తర్వాత చెప్పింది.

"మొదట్లో సంగతి నాకు తెలియదు. ఈ చివరి నాలుగైదేళ్ళూ మాత్రం ఆగమనే తట్టేవారు. ఆయన భుజం కూడా నీ భుజంలాగే అయింది. రోజూ నేనే వేడి గుడ్డ కాపడం పెట్టేదాన్ని. 'మలుపులో కాస్త ఊపిరి తీసుకుందామని తడతానే, మావాడు సరే అని ఎత్తేస్తాడు' అని నవ్వేవారు. 'నోటితో చెప్పొచ్చు కదండీ' అంటే, 'చెప్తే నన్ను పక్కన కూర్చోబెట్టి వాడొక్కడే ఎత్తుతాడు' అన్నారు."

చుట్టకి ఆ కొసన వదిన, ఈ కొసన నేను. మధ్యలో ఏమీ లేదు, తడిసిన ఉన్ని వాసన తప్ప.

"నువ్వు ఒక్కడివే ఎత్తావు చివరికి" అంది వదిన. నింద లేదు ఆ మాటలో. సరుకు చూసి ఎంత ఉందో చెప్పినట్టు చెప్పింది. "దిగు. మందు వేసుకో. నువ్వు వచ్చే దారి నుంచి నేను తప్పుకుంటాను, చెయ్యి గోడకి తగలనీకు."

దిగాను. కుర్చీలో కూర్చోబెట్టి, చేతిని గుడ్డ సంచిలో తనే సర్దింది. చెయ్యి ఆమె చేతుల్లో బరువుగా పడి ఉంది, ఎవరిదో అన్నట్టు. మొదటిసారి అది ఏమీ మొయ్యలేదు.

గుండు వచ్చి, వదినని కొట్లో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం నాయనా, అక్కడే తడుస్తావా? ఆ కొస నువ్వు పట్టు. పైన ఎవరిని పెడదాం?" అంది వదిన.

ఆ రోజు నుంచి వదిన కొట్టుకి రావడం మానలేదు. ఏ తివాచీ ఏ మూల ఉందో వారం తిరక్కముందే నాకంటే బాగా తెలిసింది. బేరంలో నాకంటే మొండి. కొనేవాళ్ళు బతిమాలితే "ఊఁ" అంటుంది. అది అవునో కాదో తేల్చుకోలేక, చెప్పిన ధరే ఇచ్చి వెళ్తారు. పెద్ద చుట్టలు కింద గదిలోనే నిలబెట్టేశాం. చిన్నవి మాత్రమే పైకి.

*

వానలు వెనకపట్టాక డాక్టరు మళ్ళీ భుజం బొమ్మ తీయించాడు. పట్టీ ఎముకకి అతుక్కునే ఉంది.

"కుట్టు వల్లా, కొవ్వు వల్లా?" అన్నాను.

"మీరు కదపకుండా ఉంచడం వల్ల కూడా. ఏది ఎంత అని నేను తూచి చెప్పలేను."

చెయ్యి ఇప్పుడు తలదాకా లేస్తుంది. పూర్తిగా కాదు, కొంచెం తక్కువగా. చాలు.

తట్లు ఆగాయా అని ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు కాబట్టి. భుజంలో ఆగాయి. కానీ అన్నయ్య తట్ల లెక్కని నేను తిరగేసి చూసుకోవడం ఆగలేదు. ఆ చివరి నాలుగైదేళ్ళూ సరుకు దిగిన ప్రతిసారీ ఆ మలుపు దాటాం. దాటిన ప్రతిసారీ నా వెనక ఒక మనిషి ఆగమన్నాడు. గుండు తువ్వాలు సర్దుకుంటున్న రోజున కూడా, ఎవరు తట్టారో గానీ, ఆగమనే తట్టారు.

ఎండ వచ్చాక, ఆరబెట్టిన చిన్న తివాచీలని పైకి చేర్చడానికి మా అమ్మాయి వచ్చింది. నేను వెనక కొస దగ్గరికి వెళ్ళాను.

"అదేంటి, నువ్వెప్పుడూ ముందే కదా?" అంది.

"ఈసారి నువ్వు ముందు నడు."

"నువ్వు జారి పడితే నేనేం చెయ్యను? నా వల్ల కాదు నాన్నా, నిన్ను లేపడానికి ఊరంతా రావాలి."

"ముందు నడవ్వే."

తేలికైన చుట్ట. ఎడమ భుజం మీద పెట్టుకున్నాను. మలుపు దాకా వచ్చాం. అమ్మాయి వీపు గోడ చాటుకు పోయింది. చుట్ట కొంచెం వాలి, బరువు జారుతూ వచ్చి నా మీద కూర్చుంది. తేలికైనదే, అయినా కాలు కూడదీసుకోవడానికి ఒక్క క్షణం కావలసి వచ్చింది. ముందున్నవాడికి ఆ సంగతి ఏ రకంగానూ తెలియదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను ఎన్నడూ నిలబడని మెట్టు అది.

కుడిచెయ్యి దానంతట అదే లేచింది. చుట్ట మీద రెండుసార్లు తట్టింది.

"ఎత్తనా నాన్నా?" అంది అమ్మాయి పైనుంచి.

"వద్దు. ఆగు."

ఆగింది. వీధిలో ఎవరో ఇనప షట్టరు పైకి లాగుతున్న చప్పుడు. కింద గదిలో వదిన ఎవరితోనో "ఊఁ" అంటోంది. ఆ ఆగినంతసేపూ, నా వెనక మెట్టు మీద ఎవరో మెల్లగా ఊపిరి తీసుకున్నారు. నేను తిరిగి చూడలేదు. ఆ ఊపిరి కుదుటపడేదాకా ఉండి, అప్పుడు అమ్మాయిని ఎత్తమన్నాను.